కొత్తా పాతా

ఫిబ్రవరి 12, 2025

తెల్లవారుజామున నాలుగున్నరకి అక్క ఫోను, కూతురికి కాన్పయిందని. "ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగానే ఉన్నారు" అని ఆగింది. ఇంకేదో ఉందని ఆ ఆగడంలోనే తెలిసిపోయింది. "పై పెదవి చీలి పుట్టిందే. నోట్లో అంగిలి కూడా కలవలేదంట. నువ్వొక్కసారి రా" అంది.

పేపరు ఆఫీసులో డెస్కుకి సెలవు చెప్పి తెనాలి బస్సెక్కాను. దుగ్గిరాల దాటేదాకా ఒకటే హెడ్డింగు కళ్ల ముందు. 1998. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఒక పల్లెటూరి ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ గురించి కంట్రిబ్యూటర్ ఆరు లైన్లు రాసి ఫొటో జతచేశాడు. "వింత శిశువు జననం" అని హెడ్డింగు పెట్టి, చుట్టూ గీత గీయించి బాక్సు కట్టించింది నేనే. పేజీకి కళ వచ్చిందని ఇన్‌చార్జి గారు మెచ్చుకున్నారు. ఆ తల్లి మర్నాడు పేపరు చూసిందా, ఎవరైనా తీసుకెళ్లి చూపించారా అన్న ఊహ కూడా ఆ రోజు నాకు రాలేదు. ఇరవయ్యేడేళ్ల తర్వాత ఈ బస్సులో వచ్చింది.

ఫిబ్రవరి 14

చూడ్డానికి వచ్చేవాళ్లు తగ్గడం లేదు. పక్క వార్డు నుంచి ఒకావిడ తలుపు దగ్గరే నిలబడి, "పిల్ల వింతగా ఉందంటగా, ఒక్కసారి చూసిపోదామని" అంది. చెడ్డమనిషి కాదు. చేతిలో తన మనవడి కోసం తెచ్చుకున్న బ్రెడ్డు ప్యాకెట్టులోంచి రెండు ముక్కలు తీసి బాలింతకి ఇచ్చింది కూడా. ఆ మాట మాత్రం అనేసింది. మా అక్క కూతురు తువ్వాలు అంచు లాగి బిడ్డ మూతి కప్పింది.

పాలు పట్టడం నర్సమ్మ నేర్పింది. అంగిలి చీలితే బిడ్డ చప్పరించలేదు, నోట్లో గాలి పట్టు నిలవదు. అందుకని పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి. పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టినట్టు నిటారుగా పట్టుకోవాలి. గిన్నె ముక్కుని చీలిక వైపు కాకుండా బుగ్గ లోపలికి ఆనించి, రెండు మూడు చుక్కలు వంచి, మింగేదాకా ఆగాలి. ఒక్కోసారి పాలు ముక్కులోంచి తెల్లగా బైటికొస్తాయి. తుడిచి, కాసేపు ఊరుకుని, మళ్లీ. ఇరవై మిల్లీలీటర్లకి ముప్పావుగంట పట్టింది. అక్క పెళ్లికి అమ్మ పెట్టిన సారెలోది ఆ వెండి ఉగ్గుగిన్నె. ముక్కు దగ్గర చిన్న సొట్ట. ఆ సొట్ట వల్లే ధార సన్నగా పడుతోంది. అక్క దాన్ని కంసాలికి ఇవ్వకుండా ఉండటం ఎంత మంచిదయింది.

ఫిబ్రవరి 20

మన భాషలో దీని పేరు గ్రహణం మొర్రి. పేరులోనే కారణం, పేరులోనే నేరం. అక్క వియ్యపురాలు నిన్న అననే అంది: "గ్రహణంలో కత్తిపీట పట్టుకుని ఉంటుంది, చెబితే వింటారా ఈ కాలం పిల్లలు." బాలింత గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇవాళ పంచాంగాలు తీసి కూర్చున్నాను. 2023 అక్టోబరు 28 రాత్రి చంద్రగ్రహణం పట్టింది. ఆ తర్వాత ఇప్పటిదాకా మన దేశంలో కనిపించిన గ్రహణమే లేదు. ఈ పిల్ల కడుపుతో ఉన్న నెలల్లో రెండు వచ్చాయి, సెప్టెంబరు 18న ఒకటి, అక్టోబరు 2న ఒకటి. రెండూ మనకి కనపడనివే, మనం పాటించనక్కర్లేనివే. పైగా పెదవి అతుక్కునేది గర్భం నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. అంటే కిందటి జూన్‌లో. చాలామందికి నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే తెలిసే రోజులవి. రెండు వైపుల నుంచీ పెరిగి వచ్చే కండ మధ్యలో కలుసుకోవాలి, ఎందుకో కలవలేదు. వంశంలో ఉండొచ్చు, ఫోలిక్ యాసిడ్ చాలకపోవచ్చు, కొన్ని రకాల మందులు కావచ్చు. చాలాసార్లు ఇదీ అని వేలు పెట్టి చూపించడానికి ఏమీ ఉండదు. సుమారు ఏడు వందల కాన్పుల్లో ఒకటి ఇలా జరుగుతుంది.

పంచాంగాలు పట్టుకెళ్లి వియ్యపురాలు గారి ముందు పెట్టాను. ఆవిడ పెద్దమనిషి, అద్దాలు పెట్టుకుని తేదీలన్నీ చూశారు. "అయితే మరెందుకు వచ్చిందమ్మా?" అన్నారు. ఆ ప్రశ్న బాలింత మీద నుంచి తప్పుకున్నందుకే నాకు సంతోషం.

మార్చి 3

పని నుంచి వచ్చాక నిఘంటువులు ముందేసుకున్నాను. వింత అంటే ఆశ్చర్యం, కొత్త, అపూర్వం. ఇవి తెలిసినవే. నన్ను ఆపింది ఇంకో అర్థం: పాత తెలుగులో వింతవాడు అంటే పరాయివాడు, ముఖపరిచయం లేనివాడు. అంతే, అందులో నింద లేదు. తమిళంలో దీని చుట్టమైన విందై ఇప్పటికీ అబ్బురమనే అర్థంతోనే బతుకుతోంది. తాజ్‌మహల్‌ని మనం ఏడు వింతల్లో ఒకటి అంటాం. 2007లో లిస్బన్‌లో కొత్త జాబితా చదివినప్పుడు దేశమంతా గర్వపడింది. అదే మాటని పసిబిడ్డ పక్కన పెడితే తల్లి తువ్వాలు అంచు వెతుక్కుంటుంది.

మాట ఒక్కటే. రాయికి అంటే దండం పెట్టినట్టూ, మనిషికి అంటే పక్కకి జరిగినట్టూ ఎలా అయిందో నాకు అర్థం కావాలి.

మార్చి 9

విడ్డూరం. ఇది ఆడవాళ్ల మాట. మా అమ్మమ్మ నోట ఇది ఒంటరిగా రావడం నేనెప్పుడూ వినలేదు. కుడిచెయ్యి గడ్డం కిందికి చేరేది, చూపుడువేలు బుగ్గన నొక్కుకునేది, తల ఒక పక్కకి వాలేది, అప్పుడు "ఎక్కడి విడ్డూరమమ్మా!" చెయ్యి ఖాళీ లేకపోతే, పిండి కలుపుతూ ఉంటే, మోచేతినైనా కొంచెం పైకి లేపేది. వింతని కళ్లతో చూస్తాం గానీ విడ్డూరాన్ని ఎక్కువగా చెవులతో వింటాం, పక్కింటి సంగతిగా. అందుకే అందులో తీర్పు కలిసి ఉంటుంది. "విడ్డూరం కాకపోతే" అని మొదలుపెట్టిన వాక్యం ఎవరినీ మెచ్చుకుంటూ పూర్తి కావడం నాకు గుర్తులేదు.

కరీంనగర్ నుంచి బదిలీ మీద వచ్చిన కొలీగ్ ఇలాంటి చోట "గమ్మతుగున్నది మేడం" అంటాడు. అందులో నవ్వు ఉంది, సంబరం ఉంది. ఆ మాట మా వైపు ఇంకా ఎక్కువగా వాడుకలో ఉంటే బాగుండును.

ఏప్రిల్ 6

రాత్రి తొమ్మిదిన్నరకి, పేజీ వదిలే ముందు, వాట్సాప్‌లో వార్త: రెండు తలల దూడ. వీడియో నలభై సెకన్లు. గడ్డి మీద దూడ, ఒకే మెడకి రెండు ముఖాలు. ఎవరో రెండు నుదుళ్లకీ కుంకుమ పెట్టారు. ముందు పళ్లెంలో పది రూపాయల నోట్లు, ఒక కొబ్బరి చిప్ప. వెనకనుంచి ఎవరిదో గొంతు, "బ్రహ్మంగారు చెప్పిందే జరుగుతోంది." ఇవేవీ పట్టని ఆవు మాత్రం కుడి ముఖాన్ని నాలుగుసార్లు నాకింది. అక్కడినుంచి ఎడమ ముఖానికి వచ్చి మళ్లీ నాలుగుసార్లు. దానికి ఏ ముఖమూ ఎక్కువా కాదు, తక్కువా కాదు.

కవలలు కావలసిన పిండం పూర్తిగా విడిపోకపోతే ఇలా పుడతాయని పశువుల డాక్టరు గారు చెప్పినట్టు కంట్రిబ్యూటర్ రాశాడు. ఆ లైను పేజీలో ఉంచాను. దూడ రాత్రికే పోయిందని పదిన్నరకి మళ్లీ మెసేజ్. "రెండు తలల దూడ మృతి" అని సింగిల్ కాలమ్‌లో వేశాను. వింత అని రాయలేదు. ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 27

సర్జన్ల దగ్గర పదుల లెక్క ఒకటుందట: బిడ్డకి పది వారాలు నిండాలి, బరువు పది పౌన్లు, అంటే నాలుగున్నర కిలోలు ఉండాలి, హిమోగ్లోబిన్ పది ఉండాలి. అప్పుడే పెదవి కుట్టడం. వారాలు నిండాయి. రక్తం సరిపోయింది. బరువే ఇంకా నాలుగూ రెండొందలు. మూడు వందల గ్రాములు ఉగ్గుగిన్నెతో సంపాదించాలి.

మే 11

రామవరప్పాడు రింగు దగ్గర బైకు పడిపోయింది. ముప్పై మంది చుట్టూ చేరారు, సగం మంది చేతుల్లో ఫోన్లు ఎత్తి ఉన్నాయి. ఒక ఆటో డ్రైవరు "ఏంటి చోద్యం చూస్తన్నారు, పట్టండి" అని అరిచి కుర్రాణ్ణి ఎత్తుకున్నాడు. అప్పుడు నలుగురు కదిలారు. నేను కాళ్లు పట్టుకున్నాను. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి ఉంది, అంతకుమించి దెబ్బ లేదు.

చోద్యం సంస్కృతంలోంచి వచ్చింది. శాస్త్రచర్చల్లో చోద్యమంటే ఎదుటివాడు లేవనెత్తే ప్రశ్న, ఆక్షేపణ. ఆశ్చర్యమనే అర్థం కూడా అక్కడే ఉంది. అడగాలనిపించే సంగతికీ ఆశ్చర్యపోవలసిన సంగతికీ ఒకే మాట ఉండటం ఎంత సహజం! మన దగ్గరికొచ్చి అడగడం పోయింది, చూడటమే మిగిలింది. ఇప్పుడు చోద్యం చూడటమంటే చెయ్యి కదపకుండా నిలబడటం.

మే 18

అడగకుండా చోద్యం చూడటం మా డెస్కులోనూ జరిగింది. 2020 డిసెంబరు 5, శనివారం రాత్రి. ఏలూరులో ఉన్నట్టుండి మనుషులు పడిపోతున్నారని ఫోన్లు. మూర్ఛ, వాంతులు, నోట నురగ. వారం తిరిగేసరికి బాధితులు అయిదు వందలు దాటారు. ఒకరు పోయారు. "వింత వ్యాధి" అని అందరం రాశాం, అన్ని పేపర్లూ, అన్ని చానళ్లూ. ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణుల అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది. అప్పటికి వార్త లోపలి పేజీలకి పోయింది. ఏలూరు అనగానే ఇప్పటికీ జనానికి గుర్తొచ్చేది సీసం కాదు, పురుగుమందు కాదు, వింత వ్యాధి.

అంతుచిక్కని వ్యాధి అని రాసి ఉండాల్సింది. మూడు అక్షరాలు ఎక్కువైతే పాయింటు సైజు తగ్గించుకునేవాళ్లం. అంతుచిక్కని అంటే ఎవరికో చిక్కలేదు, ఇంకా వెతకాలి అని. వెతకవలసిన వాళ్ల మీద ఆ మాట బరువు పెడుతుంది. వింత అంటే ఆ బరువు రోగి మీదికే పోతుంది.

దర్శి, పొదిలి, కనిగిరి పల్లెల్లో వంగిన నడుములు, గార పట్టిన పళ్లు తరతరాలుగా కర్మ ఖాతాలో పడ్డాయి. అది తాగేనీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ అని 1937లో డాక్టర్లు రాశారు. దేశంలో ఫ్లోరోసిస్‌ని గుర్తించింది అక్కడే మొదలు. వాళ్లు ఆ నడుముల్ని చూసి ముక్కున వేలేసుకుని ఊరుకోలేదు, బావిలో నీళ్లు పరీక్షకి తీశారు. ఆ మాట ఎప్పుడు తలచుకున్నా నాకు వాళ్ల మీద గౌరవం పొంగుతుంది.

జూన్ 16

గుంటూరులో ఆపరేషన్. గంటన్నర. పిల్లని బైటికి తెచ్చినప్పుడు పై పెదవి మీద నల్లటి దారపు కుట్లు, సన్నని నిచ్చెనలా. మోచేతులు వంచి గోక్కోకుండా రెండు చేతులకీ అట్టముక్కల కట్లు. అంగిలికి ఏడాది నిండాక ఇంకోటి చెయ్యాలి.

జూన్ 29

దీన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి.

కుట్లు ఆరాయి. వాపు తీసింది. అందరం పిల్లని చూసి మురిసిపోతున్నాం. అక్క ఇరుగుపొరుగుని పిలిచి మరీ చూపిస్తోంది. తల్లి మాత్రం రెండు రోజులుగా ముభావంగా ఉంది. వంటింట్లో మెల్లగా అడిగితే ఏడ్చేసింది. "పాత నవ్వు పోయింది పిన్నీ. నవ్వితే ఈ పక్క నుంచి ఆ పక్కకి ముఖమంతా విచ్చుకునేది. ఇప్పుడు ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టుంది నాకు. ఇలా అనుకోవడం తప్పేమో కదా?"

తప్పు కాదని చెప్పాను. చెప్పానే గానీ లోపల కదిలిపోయాను. నాలుగు నెలలు రాత్రీ పగలూ ఆ చీలిన పెదవినే చూస్తూ, చుక్క చుక్కగా పాలు పోసింది తను. లోకానికి వింత అయిన ముఖం తనకి పిల్ల ముఖం. ఇప్పుడు లోకం వింత లేదంటున్న ముఖమే తనకి వింతగా ఉంది. కొత్తొక వింత, పాతొక రోత అంటారు. పాత మీద ప్రేమ ఉన్నవాళ్లకి ఆ సామెత పూర్తిగా అతకదు.

ఫోన్లో నాలుగు నెలల ఫొటోలూ ఉన్నాయి. ఒక్కటీ చెరపొద్దని చెప్పాను. "నా దగ్గర మూడొందల పైనే ఉన్నాయి" అంది కళ్లు తుడుచుకుంటూ.

జూలై 13

సినిమా పేజీ ప్రూఫులో "తేడా క్యారెక్టర్" అని వచ్చింది. ఆడవాళ్లలా నడిచే ఒక పాత్ర గురించి. తేడా చిల్లర కొట్టు మాట, కాటా దగ్గర మాట. తూకంలో తేడా, రొక్కంలో తేడా. లెక్కలో వచ్చిన తేడాని సరిచెయ్యాలి. అలాంటి మాటని మనిషికి తగిలిస్తే ఆ మనిషిని కూడా సరిచెయ్యాలనే చూస్తారు, ఇంట్లో, బడిలో, బస్సులో. స్వలింగ సంబంధం నేరం కాదంటూ 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబరు 6న వచ్చింది, పేజీలన్నీ దానికే ఇచ్చాం. మా ప్రూఫుల్లో మాత్రం ఈ మాట ఇంకా తిరుగుతూనే ఉంది. కొట్టేసి పాత్ర పేరు రాశాను. రాసిన కుర్రాడిని కూర్చోబెట్టి ఎందుకు కొట్టేశానో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

ఆగస్టు 17

హిందూపురంలో పెళ్లికి వెళ్లి వస్తూ లేపాక్షి. వేలాడే స్తంభం దగ్గర జనం. ఒక పెద్దాయన తన కండువా తీసి నేల మీద పరిచి స్తంభం అడుగునుంచి ఇటు చివర నుంచి అటు చివరకి లాగాడు. ఒక మూల కాస్త నేలకి ఆనినట్టుంది, అక్కడ కండువా తట్టుకుంది. ఆయన బతిమాలుతున్నట్టు మెల్లగా కదిలించి తీశాడు. పక్కనున్న పిల్లాడు బోర్లా పడుకుని ఆ సందులోంచి అవతలి వెలుతురు చూస్తున్నాడు. "వింతగా ఉంది కదా తాతా!" అన్నాడు. ఎన్నాళ్లకో ఆ మాట వినడానికి హాయిగా అనిపించింది. వాడు పక్కకి జరగలేదు. ఇంకా దగ్గరికి జరిగాడు.

సెప్టెంబరు 7

ఇవాళ సంపూర్ణ చంద్రగ్రహణం. దాదాపు రెండేళ్ల తర్వాత మనకి కనిపిస్తున్నది. మధ్యాహ్నం నుంచే గుళ్లు మూశారు. శ్రీకాళహస్తి మాత్రం గ్రహణవేళ కూడా తెరిచే ఉంటుంది.

పై పోర్షన్‌లో అమ్మాయికి ఆరో నెల. సాయంత్రం నుంచి చీకటిగదిలో కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. పదిన్నరకి నాకు ఫోను చేసి, గుసగుసగా, "ఆంటీ, దాహమేస్తోంది, మంచినీళ్లు తాగొచ్చా?" అంది. తాగమన్నాను. పక్కకి తిరిగి పడుకోమన్నాను. పెదవులు మూడు నెలల కిందటే కుదురుకుని ఉంటాయని, ఇప్పుడు చంద్రుడు చెయ్యగలిగింది ఏమీ లేదని చెప్పాను. "నిజంగానా?" అంది. అవతల గ్లాసు చప్పుడు వినిపించింది.

మేడ మీదికి వెళ్లాను. మబ్బులు వచ్చీ పోతూ ఉన్నాయి. పదకొండు దాటాక ఒక సందు దొరికింది. తోమని రాగిచెంబు రంగులో చంద్రుడు. తెనాలికి వీడియో కాల్ చేశాను. వాళ్ల డాబా మీద తల్లి పిల్లని భుజాన వేసుకుని తిరుగుతోంది, నిద్రపోవడం లేదట. వెనక కుర్చీలో వియ్యపురాలు గారు. తల ఎత్తి చంద్రుడినే చూస్తున్నారు.

అక్టోబరు 19

రేపు దీపావళి. అక్క, కూతురు, చంటిది వచ్చారు. ఎనిమిది నెలలు నిండాయి. పెదవి మీద ఒక గీత, ముక్కు కొంచెం ఎడమకి. కూర్చుంటోంది. చేతికి దొరికిన స్పూనుతో నేల మీద కొడుతోంది.

చేతులు చాపి "రా అమ్మా" అన్నాను. స్పూను ఆపింది. నా ముఖం చూసింది, అద్దాలు చూసింది, మళ్లీ ముఖం చూసింది. కింది పెదవి ముందుకు వచ్చింది. పై పెదవి మీది గీత సన్నగా బిగిసింది. ఆ తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు.

"కొత్త, పిన్నీ" అంది తల్లి, పిల్లని ఎత్తుకుంటూ. "మొన్నటిదాకా కొత్తా పాతా లేదు దీనికి, ఎవరు పిలిచినా పోయేది. ఇప్పుడు కనిపెడుతోంది. నువ్వు చూసి రెండు నెలలైంది కదా, నిన్ను ఎరగదు."

నేను జరగలేదు. కుర్చీలోనే, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపు ఆగింది. తల్లి భుజం మీంచి ముందు ఒక కన్ను వచ్చింది. నన్ను చూసి దాక్కుంది. కాసేపటికి ఆ కన్ను మళ్లీ వచ్చింది.